పీతమ్మ గుమ్మంలో పార్కింగ్

కప్పలు కూడా సలహాలిచ్చే కాలంలో, మేతకెళ్లి తిరిగొచ్చిన పీతమ్మకు చెరువుగట్టున తన బొరియ కనబడలేదు. అక్కడ ఆకాశాన్నంటే నల్లకొండ ఉంది. దారి తప్పానేమోనని వెయ్యిసార్లు గట్టంతా చుట్టొచ్చింది. అదే కొండ! దాని కిందనుంచి పిల్లలు, "అమ్మా, ఊపిరాడట్లేదే!" అని ఏడుస్తున్నారు.

కొండ ఆవలించింది.

"రెండు నిమిషాలే అత్తా, నీడగా ఉందని ఆగాను," అంది గేదె.

"ఇరుగుపొరుగన్నాక సర్దుకోవాలి వదినా," అని పక్కింటి కప్ప సలహా పారేసింది.

పీతమ్మ గేదె తోక పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది. గేదె చంద్రుణ్ణి తన్నేంత ఎత్తెగిరి, కప్ప గుమ్మం మీద కూలబడింది.

"వామ్మో వదినా, నా ఇల్లేదీ?"

'సర్దుకో మరిదీ' అనబోయింది గానీ, పీతమ్మకు నోరు రాలేదు. పోనీ మళ్లీ తోక నొక్కుదామంటే, ఈసారి గేదె ఎవరి గుమ్మంలో పడుతుందో!