హుబారాల కంచె

తెల్లవారగానే మూడు జీపులు వచ్చి గేటు ముందు ఆగాయి. వెనక సీట్లలో వేట డేగలు కనిపించగానే మద్దిలేటి గేటు తీయకుండా లోపలే అడ్డంగా నిలబడ్డాడు.

కువైట్ ఎడారిలో మద్దిలేటి 'బాబా' అని పిలిచే అరబ్బు యజమాని, అతని కఫీల్ వేయించిన కంచె అది. లోపల హుబారా పక్షులున్నాయి. వేటగాళ్ల వల్ల ఆ జాతే అంతరించిపోతోందని, వాటిని బతికించాలని కఫీల్ చెప్పినప్పుడు, రాయచోటి నుంచి వచ్చిన మద్దిలేటికి ఆయన దేవుడిలా కనిపించాడు. మూడేళ్లుగా నక్కల నుంచి గుడ్లను కాపాడాడు. ఒకసారి దొంగ వేటగాళ్ల చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు.

"మా బాబా ఒప్పుకోడు, వెనక్కి వెళ్లండి!" అని వచ్చీరాని అరబ్బీలో అరిచి, కఫీల్‌కు ఫోన్ చేశాడు.

ముందు జీపులోనే ఫోన్ మోగింది. అద్దం దించి కఫీల్ నవ్వాడు.

"శభాష్! నువ్వు ఇలా కాశావు కాబట్టే ఇన్ని పక్షులయ్యాయి. వీళ్లు నా అతిథులు. యల్లా, త్వరగా గేటు తియ్."

"కాపాడమన్నావు కదా, బాబా?"

"ఈ రోజు కోసమే. నువ్వు ముందు నడువు. నిన్ను చూస్తే అవి బెదరవు."

మద్దిలేటి గేటు తీయలేదు. వెనక్కి తిరిగి పక్షుల వైపు పరుగెత్తాడు.

"యాడికన్నా ఎగిరిపోండి! సంపేస్తారు!" చేతులూపుతూ గొంతు చించుకున్నాడు.

పక్షులు తలెత్తి చూశాయి. రోజూ మేత వేసే మనిషేనని గుర్తుపట్టి, ఒక్కొక్కటే అతని వైపు నడిచి వచ్చాయి.