గొడుగు పిడి

"సగం మందిని తీసెయ్యాలి బావా. ఎవరెవర్నో సాయంత్రంలోగా నువ్వే చెప్పు. మీ కోడలితో మొదలుపెట్టు, లేకపోతే మనవాళ్ళని వెనకేసుకొచ్చామంటారు."

గొడుగుల కార్ఖానా యజమాని ఆ మాట అనేసి తాపీగా టీ ఊదుకున్నాడు. చెల్లెలి మొగుడు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరైనా అయితే మేస్త్రీ ఆ టీ నెత్తిన పోసేవాడే. అద్దం తలుపు అవతల, నెలలు నిండిన కోడలు తల ఎత్తకుండా ఊచలకు గుడ్డ కుడుతోంది. కొడుకు మంచాన పడ్డాక మేస్త్రీ జీతం మందులకే సరిపోతోంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిల్ల కష్టం మీదే.

"గోదాములో గొడుగులు కప్పు దాకా పేరుకుపోయాయి. రెండు వానాకాలాలు వట్టిపోయాయి. నన్నేం చెయ్యమంటావు?"

"ఎందుకు వట్టిపోయాయి బావగారూ? పిడికర్రల కోసం కొండని గుండు చేసింది మనం కాదూ?" అన్నాడు మేస్త్రీ. "నేల తాగిన నీళ్ళు చెట్ల ఆకుల్లోంచి ఆవిరై పైకి పోయేవి. అవే మబ్బై మళ్ళీ మన మీద కురిసేవి. ఇప్పుడు దారిన పోయే మబ్బు కూడా ముఖం చాటేస్తోంది. కొండకి వెనక వైపైనా వదిలెయ్యండి. మొక్కలు నాటుదాం."

"అంటే చెట్లు కొట్టేస్తే వాన రాదంటావు."

"రాదు. ఎండ మాడ్చేస్తుంది."

"ఏడాది పొడవునా?"

"ఏడాది పొడవునా!"

యజమాని గ్లాసు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీధిలో జనం నెత్తిన అట్టముక్కలు పెట్టుకుని గోడల వారగా నడుస్తున్నారు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత వచ్చి మేస్త్రీని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"కళ్ళు తెరిపించావు బావా! ఎవర్నీ తీసెయ్యను. కోడల్ని కూడా జీతం ఇచ్చే పురుటికి పంపిద్దాం."

మేస్త్రీకి ఏడుపు ఆగలేదు. పరుగున వెళ్ళి తలుపు తీసి, అందరికీ వినబడేలా ఆ మాట చెప్పాడు. కార్ఖానా అంతా లేచి చప్పట్లు కొట్టింది. కోడలు సూది చేతిలో పట్టుకునే నవ్వింది. ఆ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో మేస్త్రీకి గుర్తు లేదు.

వెనక నుంచి యజమాని కేకేశాడు: "రేపటి నుంచి తెల్ల గుడ్డ కుట్టించు బావా, ఎండ గొడుగులు చేద్దాం! నువ్వు మాత్రం గొడ్డళ్ళవాళ్ళని తీసుకుని కొండ వెనక వైపుకి వెళ్ళు. ఒక్క చెట్టు కూడా మిగలకూడదు, పొరపాటున వాన పడిందంటే మన నోట్లో మట్టే!"