చెరువు గట్టు ల్యాప్‌టాప్

“మళ్ళీ ఆగిపోయిందమ్మా” అని తెల్లారుతూనే షెడ్డులోంచి కేక వేశారు బాపిరాజు గారు.

కోడలు లక్ష్మీదుర్గ చెరువు గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. పాత ల్యాప్‌టాప్ తెర మీద ఆక్సిజన్ అంకె, అంతా బాగున్నట్టే, ఐదు దగ్గర బిగుసుకుపోయి ఉంది. చెరువులో మాత్రం రొయ్యలు అప్పటికే గాలి చాలక పైకి తేలుతున్నాయి. ఆయన ఒక్క అంగలో వెళ్ళి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల స్విచ్చి వేశారు. చక్రాలు తిరిగి నీళ్ళు చిలికాక రొయ్యలు మెల్లగా కిందికి దిగాయి. అప్పుడు ఇద్దరికీ ఊపిరి ఆడింది.

“నేను చూడబట్టి సరిపోయింది. లేపోతే ఎల్లుండి పట్టుబడికి వల ఎక్కడ వేసేవాళ్ళం?” అన్నారాయన.

నీళ్ళలో మీటరు పెట్టి, ఆక్సిజన్ తగ్గితే ల్యాప్‌టాప్‌లో సైరన్ మోగేలా ఏర్పాటు చేసింది లక్ష్మీదుర్గే. కొత్త కోడలి తెలివిని ఐ.పోలవరంలో అందరూ మెచ్చుకున్నారు. చెరువు పోతే ఆ నోళ్ళే ఏమంటాయో తలచుకోవడానికే భయమేసింది.

“ల్యాప్‌టాప్ పాతబడిపోయిందండి మామయ్య గారూ. ఇందులో ఉన్న లైనక్స్ డెస్క్‌టాప్‌ని అది మొయ్యలేకపోతోంది. తేలికది వేస్తానండి.”

“డెస్క్‌టాప్ అంటే?”

“తెర మీద మనకి కనబడే ముస్తాబండి. బొమ్మలూ, బటన్లూ అవీనండి.”

“ముస్తాబు ఎవరికమ్మా, రొయ్యలకా?” అని నవ్వబోయారు గానీ, ఆయన చూపు ఆకాశం మీదే ఉంది. పడమట మబ్బు పడుతోంది. ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలో ఆక్సిజన్ నిలబడుతుంది. మబ్బు కమ్మితే జారిపోతుంది. పోనీ ఏరేటర్లు రోజంతా తిప్పుదామా అంటే, నిన్ననే ఒక మోటారు కాలి కంపు కొట్టింది.

లక్ష్మీదుర్గ పెన్‌డ్రైవ్ పెట్టింది.

“ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఉందండి. తేలిగ్గానే ఉంటుంది, కావలసినవన్నీ దాంతోనే వస్తాయి.”

“ఇంకా తేలికది లేదా?”

“ఎల్‌ఎక్స్‌క్యూటీ ఉందండి. దానికంటే కాస్త నయం.”

“అది ఆగదని నువ్వు చెప్పగలవా?”

“చెప్పలేనండి.”

“మరి అంతకంటే తేలిక?”

“ఇంక అన్నీ ఒలిచేసి ఉత్త తెర ఒక్కటే వెయ్యాలండి. మిగతావి ఒక్కోటీ మనమే చేర్చుకోవాలి.”

“అదే వెయ్యమ్మా. నాకు అంకె కదిలితే చాలు.”

“ఆయ్” అంది లక్ష్మీదుర్గ. మామగారి భయం ఆమెకూ అంటుకుంది. ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ పాతదంతా తుడిచేసి కొత్తది వేసింది. నల్లటి తెర వచ్చింది. మధ్యలో తెల్లటి అంకె. మీటరు నీళ్ళలోంచి పైకి తీస్తే అంకె టక్కున పెరిగింది, ముంచితే దిగింది. నానారకాలుగా ఏడిపించి చూసినా ల్యాప్‌టాప్ ఎక్కడా ఆగలేదు.

“ఇంక ఆగదండి. మీరు కాసేపు నడుం వాల్చండి.”

వారం రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషి. మోటార్లు చల్లారనిద్దామని ఏరేటర్లు ఆపేసి వచ్చి, మంచం మీద అలా వాలి ఇలా నిద్రపోయారు. ఆమె కుర్చీలో కూర్చుని కదులుతున్న అంకెనే చూస్తూ ఉండిపోయింది. చూస్తూ చూస్తూ ఎప్పుడు కళ్ళు మూతలు పడ్డాయో ఆమెకే తెలియదు.

కాకుల గోలకు ఉలిక్కిపడి లేచింది. గట్టు పొడవునా కాకులూ కొంగలూ వాలి ఉన్నాయి. మబ్బు ఊరంతా కమ్మేసింది. మంచం ఖాళీగా ఉంది. బాపిరాజు గారు నీళ్ళ అంచున కూలబడి ఉన్నారు. చెరువు మీద తెల్లగా పరుచుకున్న రొయ్యల్లో ఒక్కటీ కదలడం లేదు.

“మళ్ళీ ఆగిపోయిందా అమ్మా?” అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెను మరీ భయపెట్టింది.

షెడ్డులోకి వెళ్ళి చూసింది. అంకె కదులుతూనే ఉంది. దాని కింద ఎర్రటి అక్షరాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి.

“ఆగలేదండి మామయ్య గారూ” అంది. “అది ఇందాకట్నుంచీ సైరన్ వేస్తూనే ఉందండి. బరువు తగ్గించే కంగారులో, దీంట్లో సౌండ్ చేర్చడమే మర్చిపోయేనండి.”