చొక్కా రంగు

పోతయ్య గుద్దిన గుద్దుకి జగ్గారావు వెళ్లి ఫోన్ల దుకాణం మెట్ల మీద పడ్డాడు. పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదుగా అతని నీలం చొక్కా మీదకి కారింది.

“బాబూ, ఆగు! ఆ వీడియోలోది ఆకుపచ్చ సొక్కా. నీ ఫోనే తప్పు సూపిత్తంది. ఒక్కపాలి మంచి ఫోన్లో సూడు, తరవాత సంపీ!”

అతన్ని లాక్కుని పోతయ్య బరంపురంలోని ఈ దుకాణం దాకా వచ్చింది ఆ మాట తేల్చుకోడానికే. నిన్న పొద్దున్న గంజాం రేవులో చేపల బేరం దగ్గర మాటా మాటా పెరిగి, ఎవడో అతని తమ్ముడు అమిత్‌ని కత్తితో పొడిచి చంపాడు. తోపులాటలో ఎవరూ సరిగ్గా చూడలేదు; దూరం నుంచి ఎవరో తీసి పంపిన వీడియోలో హంతకుడి వీపే తప్ప మొహం లేదు. ఆ వేళప్పుడు అక్కడున్న బయటి బేరగాళ్లు ఇద్దరే. నీలం చొక్కా జగ్గారావు దొరికాడు. ఆకుపచ్చ చొక్కావాడు బండెక్కి వెళ్లిపోయాడు, వాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. పోతయ్య ఫోన్లో మాత్రం హంతకుడి చొక్కా నీలంగానే ఉంది.

జగ్గారావుని తనతో వచ్చిన ఇద్దరు మనుషులకి అప్పగించి, నడుముకి చేపలు కోసే కత్తితో పోతయ్య లోపలికి వెళ్లాడు. కౌంటర్ వెనక జయలక్ష్మి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఫోన్ స్క్రీన్లు మార్చడంలో ఆమె చెయ్యి మంచిదని ఊళ్లో పేరు.

“ఈ సొక్కా ఏ రంగో సెప్పమ్మా. నీలమైతే బయటున్నోడి పీక ఇక్కడే కోసేత్తాను.”

ఆమె వీడియో చూసింది. అమిత్ ఇసకలో పడి గిలగిల్లాడుతున్నాడు. చొక్కావాడు వంగి మళ్లీ పొడిచాడు. ఆమె ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పట్టుకుని ఇంకోసారి చూసింది.

“ఈ స్క్రీను మార్పించినావా?”

“పోయిన్నెల. సవకది ఏయించినాను.”

“అందుకే అంతా నీలం కొడతంది. ఎనకాల పడవ ఎవులిది?”

“మాదే. పసుపు. రంగు నానే ఏసినాను.”

ఆమె వీడియోని ఒక కొత్త ఫోన్లోకి పంపింది. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించేలా సెట్టింగులు మార్చింది. పడవ పసుపుగా వచ్చింది, అచ్చంగా పోతయ్య వేసిన పసుపు. చొక్కా ఆకుపచ్చగా వచ్చింది.

పోతయ్య నోరు తెరిచేలోపే ఆమె ఇంకో ఫోన్ తీసింది. అందులోనూ ఆకుపచ్చే. మూడోది తీసింది. దాన్ని గుమ్మంలోకి పట్టుకెళ్లి ఎండలో చూసింది. నాలుగోది తీసి వెలుగు తగ్గించింది, పెంచింది, మళ్లీ తగ్గించింది. ఆమె మార్చిన ప్రతి ఫోన్లోనూ అమిత్ మొదటి నుంచీ చచ్చిపోతున్నాడు.

పోతయ్య తట్టుకోలేక కౌంటర్ అద్దం మీద పిడికిలితో గుద్దాడు. అద్దం భళ్లున పగిలింది.

“ఇంకెన్నిసార్లు సంపుతావు నా తమ్ముణ్ణి? తేల్చి సెప్పు!”

జయలక్ష్మి ఐదో ఫోన్ని కింద పెట్టింది.

“ఆకుపచ్చే. ఏ ఫోన్లో సూసినా ఆకుపచ్చే. ఆ మనిషిని ఒగ్గెయ్యి బాబూ.”

బయట జగ్గారావుని వదిలేశారు. అతను లేవలేక మెట్ల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పోతయ్య అతని వైపు చూడలేకపోయాడు. అద్దం కోసిన తన చేతినుంచి రక్తం నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

“అయితే ఆ రెండోవోడే. దొరకనీ, ముక్కలు ముక్కలు సేత్తాను.”

“సెయ్యనని ఒట్టెయ్యి,” అంది జయలక్ష్మి. “పానంతో పోలీసులకి అప్పగిత్తానని నీ తమ్ముడి మీద ఒట్టెయ్యి. ఆడెక్కడున్నాడో నాను సెప్తాను.”

పోతయ్య తెల్లబోయి చూశాడు. చాలాసేపటికి నడుం నుంచి కత్తి తీసి పగిలిన అద్దం పక్కన పెట్టాడు.

“అమిత్ మీద ఒట్టు. సెప్పు.”

“గిరిసోల సెక్కుపోస్టు ఎనకాల పెంకుటిల్లు. నిన్నటి నుంచీ లోపల గెడేసుకుని ఉన్నాడు.”

“ఒట్టి ఈపు సూసి ఎలాగ పోల్చినావమ్మా?”

“నా కొడుకు.”