కల్నల్ గారి కుక్క

హోబర్ట్ చంకలోని కుక్కపిల్లను గేటు లోపల దించాడు.

"నీ సరుకు నువ్వే ఉంచుకో వెర్లిన్. అడవిపంది కనబడగానే నా ట్రక్కు కింద దూరింది. బయటికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"పిల్లది కదా. నెమ్మదిగా నేర్చుకుంటుంది," అన్నాడు వెర్లిన్ రాట్లిఫ్.

"పోయినేడు అమ్మినదానికీ ఇదే మాట చెప్పావు. అది ఇప్పటికీ ఉడుతను చూసి తోక ముడుస్తోంది."

వెర్లిన్ మొహం మాడిపోయింది.

టెనెస్సీ కొండల్లో కర్ కుక్క అంటే పందిని నిలబెట్టాలి, ఆవుల్ని తోలాలి, ఉడుతను చెట్టెక్కించి కింద నిలబడి మొరగాలి. రాట్లిఫ్‌ల కుక్కలు ఒకప్పుడు ఇవన్నీ చేసేవి. ఇప్పుడు తిండి మాత్రం బాగా తింటున్నాయి. ఎక్కడినుంచైనా పాత రక్తం వచ్చి కలవకపోతే తండ్రి నిలబెట్టిన వంశం తన చేతుల్లోనే మట్టిగొట్టుకుపోతుందని వెర్లిన్‌కు నిద్ర పట్టడం లేదు.

నిద్ర లేకపోయినా గొప్పలకు లోటు లేదు.

"మా మొదటి కుక్క డ్రమ్‌ని మా నాన్నకు ఇచ్చిందెవరనుకున్నావు? వర్జీనియా కల్నల్! ఆయన ఇంటి కుక్క ఒక్కటి దొరకనీ, అప్పుడు చూద్దువుగాని."

"తెల్ల గుర్రం మీద వచ్చాడంటావు, ఆయనేనా?" హోబర్ట్ ఆవులించాడు. "కిందటిసారి నల్ల గుర్రమన్నావు."

నిజానికి తండ్రి చెప్పింది ఒక్కటే. డ్రమ్ కొండ అవతలి నుంచి వచ్చింది, దాంతోపాటు బూర పాటా వచ్చింది. ఆ కొండల్లో కుక్కను ఊరికే ఇచ్చేవాళ్ళు దాన్ని పిలిచే బూర పాట కూడా ఇస్తారు. ఒక ఇంటి పాటను ఇంకో ఇల్లు ఊదదు. కల్నల్, గుర్రం, నడుముకు కత్తి, అన్నీ వెర్లిన్ అల్లినవే. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. నమ్మి వర్జీనియా దాకా పోయి వెతికొచ్చాడు కూడా, తెలివిమాలినవాడు.

అప్పుడే గేటు దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. ఒంటిమీద మగవాళ్ళ కోటు, కాళ్ళకు వేళ్ళు కనబడే బూట్లు, భుజాన గోతం సంచి. చేతిలోని తాడు చివర చెవి చిరిగిన పసుపు రంగు ఆడకుక్క.

"రాట్లిఫ్ ఇల్లు ఇదేనా నాయనా? మీ నాన్న ఉన్నాడా?"

"పోయి చాలా ఏళ్ళయింది. నీకేం పని?"

ఆమె పెరట్లో మొరుగుతున్న కుక్కల వంక చూసింది.

"డెట్రాయిట్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. అక్కడ దీన్ని ఉండనివ్వరట." కుక్క తల నిమిరింది. "నీ చేత్తో దీనికి ఓ రొట్టెముక్క పెట్టు నాయనా. చూస్తాను."

కుక్కను ఊరికే ఇచ్చేవాళ్ళు అడిగే మాట అది. తీసుకునేవాడు తన చేత్తో రొట్టె పెట్టాలి, ఇచ్చేవాళ్ళు నిలబడి చూడాలి. ఆ పద్ధతి వెర్లిన్‌కు పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ ఆ బూట్లను చూశాక అతని చెవికి అది అడుక్కోవడంలాగే వినబడింది.

"చూశావా హోబర్ట్, ముష్టి కూడా ఎంత దర్జాగా ఎత్తుతోందో! తనకి కాదట, తన ఊరకుక్కకట!"

"ఇది ఊరకుక్క కాదబ్బాయ్."

"మరి మహారాణా?"

"వెర్లిన్," అన్నాడు హోబర్ట్ మెల్లగా, "నీ కుక్కలన్నీ గొంతు చించుకుంటుంటే అది చెవి కూడా కదపలేదు."

"చెవుడేమోలే. ఏయ్ ముసలీ, పోతావా, కుక్కల్ని వదలమంటావా?"

ఆమె కదలకముందే కట్టెల మోపులోంచి ఒక కర్ర లాగి విసిరాడు. అది కుక్క డొక్కలో తగిలింది. తాడు జారిపోయింది. కుక్క అడవిలోకి పరుగెత్తింది.

ముసలామె తిట్టలేదు. అతని వంక ఒకసారి చూసి, "సరే నాయనా," అని రోడ్డు వైపు నడిచింది.

"నేనూ పోతాను," అని హోబర్ట్ ట్రక్కెక్కాడు. నవ్వలేదు.

వెర్లిన్ ఇంకా తిడుతూ అరుగు మీద కూర్చున్నాడు. పీడ విరగడైందనుకున్నాడు. మొక్కజొన్న రొట్టె సగం తినేసరికి బస్సు ఆగే మలుపు దగ్గర బూర మోగింది.

రెండు పొడుగు కూతలు. చివర్లో విరిగినట్టున్న చిన్న కూత.

అది తన పాట.

అతను గోడ వంక చూశాడు. తన ఎద్దుకొమ్ము బూర మేకుకే వేలాడుతోంది.

పెరట్లో కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. కంచె దూకి మలుపు వైపు పరుగు తీశాయి. చేతిలోని రొట్టె పారేసి వెర్లిన్ వాటి వెనక పడ్డాడు.

మలుపు దగ్గర దుమ్ము ఇంకా అణగలేదు. బస్సు వంతెన దాటి వెళ్ళిపోయింది. అతని కుక్కలన్నీ రోడ్డు పక్కన కూర్చుని అటే చూస్తున్నాయి. ట్రక్కు పక్కన హోబర్ట్ నిలబడి ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర పసుపు కుక్క, అతని మెడలో ఒక పాత బూర.

"ఆమె బూర ఊదగానే ఇది అడవిలోంచి వచ్చేసింది. బస్సులో కుక్కను ఎక్కించుకోం అన్నారు," అన్నాడు హోబర్ట్. "నా దగ్గర పొద్దుటి రొట్టె మిగిలుంటే పెట్టాను. దీన్ని నాకిచ్చేసింది. పాట కూడా నేర్పబోయింది. అక్కర్లేదు, రోజూ రాట్లిఫ్ ఇంటినుంచి వింటున్నదేగా అన్నాను."

వెర్లిన్ పసుపు కుక్క వైపు ఓ అడుగు వేశాడు.

"ఎవరామె?"

"డ్రమ్‌కి మీ నాన్న ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తినిపించాడట." హోబర్ట్ పక్కకు తిరిగి పొగాకు ఉమ్మేశాడు. "మీ కల్నల్ గారు గుర్రమెక్కి రాలేదు వెర్లిన్, చిరిగిన బూట్లతో నడిచొచ్చారు. నువ్వు తరిమితే బస్సెక్కి వెళ్ళిపోయారు."