బయటి వలయం

"డాడీ, ఈ బయటి రింగ్ మధ్యలో ఉన్న బార్‌కి టచ్ అవ్వట్లేదు. ఎగిరిపోదా?" గడప లోపల కూర్చుని, స్కూల్ ప్రాజెక్టుకు అట్టతో గెలాక్సీ చేస్తూ అడిగింది ఆద్య.

దామోదర్ పరిశోధన ఆ వలయాల మీదే. విడాకుల తర్వాత అతను ఆద్య, వాళ్లమ్మ ఉండే ఈ ఇంటి గడప దాటలేదు. అమెరికాలోని ఆ షాంటిలీ ఊరి చలిలో బయట మెట్ల మీదే కూర్చున్నాడు.

"పోదు తల్లీ. బార్ అంటే మధ్యలో ఉన్న ఆ నక్షత్రాల పట్టీ తిరుగుతూ దాన్ని ఒకే లయలో లాగుతుంటుంది. అందుకే అక్కడ నిలబడుతుంది."

"దగ్గరికి రాదా?"

"రాలేదు."

ఆద్య తలెత్తింది. "డాడీ, ఇవాళ నేను నీతో ఉండే సాటర్‌డే కాదు కదా. అమ్మది."

దామోదర్ కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"తెలుసమ్మా. కారు ఇటే తిరిగింది."

ఆద్య బయటి వలయానికి మళ్లీ జిగురు రాసి, మిగిలిన మెరుపు పొడంతా అక్కడే చల్లింది.