మైలేజీ వైద్యం

"గట్టిగా పట్టుకోమ్మా!" అన్నాడు కొడుకు. పాత కారు వెనక సీటు పీకేసి, ఆ చోట తల్లిని వంటింటి పీట మీద కూర్చోబెట్టాడు. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందట!

"స్పేర్ టైరు తీశారు, ఏసీ తీశారు. పెరిగిందా?" అడిగింది పక్కనున్న భార్య.

"లేదు. ఇంకా ఏదో బరువుంది."

"ఉంది. స్టీరింగు ముందు కూర్చుంది. దిగండి."

అత్త కిసుక్కున నవ్వింది. అతను మూతి ముడుచుకుని దిగాడు. ఆ సీట్లోకి జరిగిన కోడలికి, సగమే దించిన హ్యాండ్ బ్రేకు కనిపించింది.

"ఇదేంటండీ?"

"ముందు జాగ్రత్త. ఎప్పుడూ కొంచెం లాగే ఉంచుతాను."

"అంటే, బ్రేకు వేసుకుని నడుపుతూ మీ అమ్మ సీటు పీకారన్నమాట!"

బ్రేకు పూర్తిగా దించింది. కారు హాయిగా కదిలింది.

"అయ్యో, వాణ్ణి ఎక్కించుకోలేదే!" అంది అత్త.

"ఎందుకత్తయ్యా, బరువు!"